ఫలక్‌నుమా మేడలో

మేడలు చూచుట మనవారి కెప్పుడును వేడుకయే. తిరునాళ్లకు పొరుగూరు పోయినవారు దేవుని దర్శనమైన వెంటనే, ఆ యూరి జమీందారుగారి దివాణ మెచ్చటనని అడుగుదురు. కావలివాడు కనికరించినచో హాలుదాక పోయి, నిలువుటద్దములో తలపాగ సరిచూచుకొని, గోడగడియారము గంట కొట్టువరకు ఆగి, ఇంటికి తిరిగివచ్చి పదిరోజులు ఆ ముచ్చటనే చెప్పుకొందురు. ఈ ప్రసంగమున మేము తలపెట్టినదియు అట్టి పనియే. శ్రోతలను వెంటబెట్టుకొని యొక పెద్దమేడలో గదిగదికిని త్రిప్పవలెనని మా సంకల్పము. ఆ మేడ హైదరాబాదులోని ఫలక్‌నుమా. బయలుదేరుట మాత్రము మా జగ్గయ్యపేటనుండి.

జగ్గయ్యపేట చెంతనే ధనంబోడు అను గుట్ట కలదు. పేరులో ధనమున్నది గాని గుట్టమీద మిగిలినవి రాళ్లే. 1882లో జేమ్సు బర్జెస్ అను పురావస్తు శాస్త్రజ్ఞుడు ఇచ్చట త్రవ్వించి యొక బౌద్ధస్తూపమును బయటపెట్టెను. అందు దొరకిన శిల్పఫలకములలో నొకటి మిక్కిలి ప్రసిద్ధమైనది. ఇప్పుడది చెన్నపట్టణపు మ్యూజియములో నున్నది. ఒక చక్రవర్తి నిలుచుండి కుడిచేయి పైకెత్తెను. మేఘములనుండి చదరపు నాణెములు జలజల రాలుచున్నవి. చుట్టును రాణియు, మంత్రియు, ఏనుగును, గుర్రమును, చక్రమును. ఇతడు మాంధాత యని పండితులు చెప్పుదురు. బౌద్ధకథలలో మాంధాత అంతఃపురమున ఏడుదినములు బంగారువాన కురిసినది. దానితో ఆశ తీరక అతడు స్వర్గమునకు పోయెను. ఇంద్రుడు తన సింహాసనమున సగమిచ్చెను. తక్కిన సగము కూడ కావలెనని తలచినంతనే నేల కూలెను. ఫలక్‌నుమా యనగా ఆకాశమువంటిదని అర్థము. ఆ మేడను చూడబోవువాడు ఈ రాతిని ఒకసారి తలచుకొని పోవుట తప్పుకాదని మాకు తోచినది.

మా మెట్టసీమకు మేడలు కట్టినవారు లేకపోలేదు. బేతవోలను పల్లెను పెంచి, తన తండ్రి పేరు పెట్టి, జగ్గయ్యపేటను నిలిపినవాడు రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు. ఆయన కృష్ణకావల అమరావతిలో రాజభవనము కట్టించుకొనెను. ఆ కట్టడములకై రాతిని వెదకుచు అచ్చటి దిబ్బను త్రవ్వించుటవలననే అమరావతి స్తూపము లోకమునకు తెలియుటయు, దాని ఫలకములు చెదరిపోవుటయు ఒక్కమారే జరిగినవి. 1797లో కర్నల్ మెకంజీ వచ్చి చూచునాటికే కొంత నష్టము జరిగిపోయెను. 1816లో నాయుడుగారు గతించిరి. తరువాత ఆస్తి వ్యాజ్యము లండనులోని ప్రీవీ కౌన్సిలుదాక ప్రాకినది. నేడు ఆ భవనములో మనము నడచి చూడదగిన గది లేదు. ముక్త్యాలలో కృష్ణయొడ్డున వాసిరెడ్డివారి కోట యున్నది. దాని కథ వేరొక ప్రసంగమునకు చాలును.

కావున మేము హైదరాబాదు త్రోవ పట్టితిమి. మాతో మా బాబాయిగారు వచ్చిరి. ఆయన మిరపయు పత్తియు పండించు నందిగామవైపు రైతు. పుస్తకములు చదివినవారు కారు గాని, గోడను చేతితో తట్టి సున్నములో ఇసుకపాలు చెప్పగల దిట్ట. ఇట్టివారు తోడున్నచో మేడను చూచుటయే వేరు.

త్రోవలో నొక్క చోట ఆగవలెను. నందిగామకు విజయవాడవైపున పరిటాల కలదు. 2003లో నిలిపిన 135 అడుగుల ఆంజనేయ విగ్రహమువలన నేడు ఆ యూరు అందరికిని తెలియును. పూర్వము దానికి వేరొక కీర్తి యుండెను, అది వజ్రములగని. 1766లో నిజాము ఉత్తరసర్కారులను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చివేసినప్పుడు, వజ్రపుగనులను, వానికి చెందిన గ్రామములను మాత్రము తనకే ఉంచుకొనెను. అందుచే పరిటాలయు దాని చుట్టునున్న కొన్ని పల్లెలును, నలుదిక్కుల ఇంగ్లీషువారి జిల్లా ఆవరించియుండగా, నిజామువారి దీవివలె మిగిలిపోయెను. ఈ వింత నూటయెనుబది యేండ్లు సాగినది. 1947 నవంబరులో పరిటాల ప్రజలు నిజాము పాలననుండి తాము విముక్తులమని ప్రకటించుకొనిరి. మరుసటి యేడు సెప్టెంబరులో భారతసైన్యపు దళమొకటి విజయవాడవైపునుండి ఈ రోడ్డుననే మునగాల, సూర్యాపేటల మీదుగా హైదరాబాదు రాజ్యమున ప్రవేశించెను. ఇదంతయు ఏల చెప్పుచున్నామనగా, ఫలక్‌నుమా మెట్లెక్కు నందిగామవాడు కేవలము పరాయిసొమ్మును చూడబోవుటలేదు. ఆ సొమ్ములో అతని తాలూకా మట్టియు కొంత కలదు.

గరికపాడువద్ద పాలేరు దాటినచో తెలంగాణము. కోదాడ, సూర్యాపేట గడచి, నందిగామనుండి రెండువందల కిలోమీటర్లకు పైగా పోయిన పిమ్మట నగరము. చార్మినారుకు దక్షిణముగా సుమారు ఐదు కిలోమీటర్ల దూరమున కోహ్-ఎ-తూర్ అను గుట్టపై తెల్లని మేడ కనబడును. క్రింది బస్తీలనుండి చూచినచో అది యొక మబ్బుతునుక గుట్టపై వ్రాలినట్లుండును.

దీనిని కట్టించినవాడు నవాబు వికారుల్ ఉమ్రా. హైదరాబాదు రాజ్యములో పాయిగా అను ప్రభుకుటుంబములు నిజాము తరువాత అంతటివి. సైన్యమును పోషించుట కని వారికి తాలూకాలు తాలూకాలే జాగీరులుగా ఉండెడివి. నిజాము ఇంటి ఆడపడుచులను వారికిచ్చి పెండ్లి చేయుటయు ఆచారము. వికారుల్ ఉమ్రా ఆరవ నిజాము మహబూబు ఆలీఖానుకు బావగారు. 1884 మార్చి 3వ తేదీన మేడకు శంకుస్థాపన చేసిరి. పని ముగియుటకు తొమ్మిదేండ్లు పట్టినది. నలువది లక్షల రూపాయలు వ్యయమైనదని చెప్పుదురు. విక్టోరియా రాణి భారతచక్రవర్తిని బిరుదు వహించి పదియేండ్లయిన కాలమది. ఆనాడు ఇంగ్లండులో బొగ్గుగనుల యజమానులును, బ్యాంకుల యజమానులును పోటీపడి మేడలు కట్టుచుండిరి. మన రాజులును ఆ పోటీలో చేరిరి.

మేడకు ముందు రెండువైపులనుండి పైకెక్కు పాలరాతి మెట్లు. వరండాకు రెండు వరుసల స్తంభములు. క్రిందివి ఐయోనిక్ రీతి, పైవి కొరింథియన్ రీతి. గ్రీకు దేవాలయముల స్తంభములను ఇటలీవారు ఇండ్లకు దింపిరి. వారివద్ద ఇంగ్లీషువారు నేర్చిరి. వారివద్దనుండి గోలకొండ ప్రాంతపు గుట్టమీదికి అవి వచ్చినవి. మేడ మొత్తము తేలు ఆకారమున కట్టిరనియు, నవాబుగారిది వృశ్చికరాశి యనియు చెప్పుదురు. నేలపై నిలుచున్న మాకు తేలు కనబడలేదు. అది పక్షులకే కనబడునేమో!

లోపల అడుగుపెట్టగానే చల్లదనము. నడుమ పాలరాతి ఫౌంటెను. తలపైన రంగులచిత్రములు వ్రాసిన కప్పు. ఇది కేవలము ఆగుటకైన గది. అతిథి తన గొడుగును, టోపీని అప్పగించి, దుమ్ము దులుపుకొని, తాను వచ్చిన వార్త లోనికి పోవువరకు ఇచ్చట నిలుచును. మా బాబాయిగారు చుట్టును చూచి, "కూర్చోడానికి అరుగేదిరా?" అనిరి. ఈ ప్రశ్న మాకు నవ్వు తెప్పించినను, ఆ మేడను గ్రహించుటకు తాళపుచెవి అదియే యని తరువాత తెలిసినది.

మా ప్రాంతపు మండువా లోగిలిని శ్రోతలు తలచుకొందురుగాక. వీధివైపున అరుగు, దారినపోవువాడెవడైనను దానిపై కూర్చుండవచ్చును. లోపల పంచ, నడుమ ఆకాశము కనబడు మండువా, నాలుగువైపుల పెంకుటి వాలు. వాన పడినచో ఇంటి నడుమనే పడును. ఆ మండువా చుట్టునే వడ్లబస్తాలు దిగును, పెండ్లి జరుగును, పసిబిడ్డ ఊయల ఊగును, సాయంకాలము పురాణము చదువుదురు. ఒక్క చోటు పదిపనులకు పనికివచ్చును. విక్టోరియా కాలపు మేడ దీనికి పూర్తిగా ఎదురు. అందు పని కొక్క గది. చదువుట కొకటి, పొగత్రాగుట కొకటి, బిలియర్డు లాడుట కొకటి, నాట్యమున కొకటి, తినుట కొకటి, తిన్నతరువాత కూర్చుండుట కొకటి. 1864లో రాబర్టు కెర్ అను ఇంగ్లీషు వాస్తుశిల్పి పెద్దమనిషి ఇల్లెట్లుండవలెనో తెలుపుచు పెద్ద గ్రంథమే వ్రాసెను. ఆయన ముఖ్యముగా చెప్పినది, యజమాని కుటుంబము తిరుగు భాగమును, సేవకులు తిరుగు భాగమును వేరుగా నుండవలెననియు, ఒకరి కంట నొకరు పడరాదనియు. వంటింటి వాసన భోజనశాలకు రాకూడదు, భోజనము మాత్రము వేడిగా రావలెను! ఆ చిక్కును విప్పుటకే ఆ కాలపు వాస్తుశిల్పులు నడవలమీద నడవలు గీసిరి.

ఫలక్‌నుమాలో అరువది గదులును, ఇరువదిరెండు హాళ్లును ఉన్నవని లెక్క చెప్పుదురు. అన్నింటిని వర్ణించుటకు మాకు ఓపికయు, శ్రోతలకు సావకాశమును లేవు. నాలుగైదు చాలును.

మొదట గ్రంథాలయము. దీని చెక్కడపు కప్పును ఇంగ్లండులోని విండ్సరు కోటలోని గ్రంథాలయపు కప్పును చూచి చేయించిరని చెప్పుదురు. అక్రోటుకఱ్ఱ మీద లతలు, పలకలు. తల యెత్తి చూచుటలో మెడ నొప్పిపుట్టినది. బీరువాలలో వేలకొలది పుస్తకములు. కొరాను ప్రతులకు ఈ గ్రంథాలయము పేరుపొందినది. మేడలో మాకు మిక్కిలి నచ్చిన గది యిదియే. తక్కిన గదులన్నియు చూచువారికొరకు, ఇదొక్కటే కూర్చుండువానికొరకు.

గ్రంథాలయమును దాటి మెట్లు. ఇటలీనుండి తెచ్చిన పాలరాయి. పిట్టగోడవెంట దీపములు పట్టుకొని నిలిచిన పాలరాతి బొమ్మలు. గోడలపై దొరలవి, ప్రభువులవి చిత్రపటములు. ఇచ్చట మెట్లు ఎక్కుట యనగా ఒకరి చూపులమధ్య ఎక్కుట. ఆనాటి అతిథికి తానెవరి ఇంటికి వచ్చెనో, ఆ యింటివారు ఎవరి స్నేహమునకు పాకులాడిరో, పై అంతస్తు చేరులోపల తెలిసిపోవును. మా బాబాయిగారు పిట్టగోడను తట్టిచూచిరి. "రాయి మంచిదే, అతుకు ఇంకా మంచిది. ఆ అతుకు పెట్టినవాడెవరో?" అనిరి. మాకు మేడను చూపుచున్న యువకుడు మర్యాదస్తుడు; రాయి ఏ దేశపుదో, దీపము ఏ కంపెనీదో, పటము ఎవరిదో తడుముకొనక చెప్పినవాడు. ఈ ప్రశ్నకు మాత్రము చిరునవ్వు నవ్వి ఊరకుండెను. అతనిని తప్పుపట్టలేము. ఆ సంగతి వ్రాసి యుంచినవారు లేరు.

పైన దర్బారుహాలు, నాట్యశాల. గాజుదీపముల గుత్తులు కప్పునుండి వ్రేలాడుచుండును. ఇవి బర్మింగుహాములోని ఆస్లరు కంపెనీవారి పని. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనమున నడిమధ్య 27 అడుగుల ఎత్తున గాజు ఫౌంటెనును నిలిపినవారు వీరే. అటుపిమ్మట మన రాజులకు గాజుమోజు పట్టినది. కలకత్తాలో వారికి దుకాణమే యుండెను. నూనెదీపము, కొవ్వొత్తి తప్ప తెలియని ఊళ్ల నడుమ ఈ దీపములు వెలిగినప్పుడు గుట్టక్రింది ప్రజలు ఏమనుకొనిరో! నాట్యశాలలో రెండు టన్నుల బరువుగల ఆర్గన్ వాద్యమొకటి యున్నది. దానిని చేతితో త్రిప్పి మ్రోగించెడివారట.

బిలియర్డు గదిలోని బల్ల బరోస్ అండ్ వాట్సు అను లండను కంపెనీది. పొగత్రాగు గదిలో హుక్కా యున్నది. ఇంగ్లీషు గదిలో మన హుక్కా చేరుట చూచి మాకు కొంత సంతోషము కలిగినది. ఎట్లయినను ఇంటివాడి అలవాటు ఒక మూలనుండి తొంగిచూచును కదా!

ఇక భోజనశాల. ఇది చూడకున్న ఫలక్‌నుమా చూడనట్లే. ఒకే బల్ల, నూటొక్క కుర్చీలు. మనిషికి రెండడుగులు చొప్పున వేసికొన్నను ఒక్కొక్క వరుస నూరడుగులు సాగును. అంతటి గదిలో ఒక కొనను గుసగుసలాడిన మాట రెండవ కొనను వినబడునట్లు కట్టిరని చెప్పుదురు. మేము పరీక్షింపబోగా బాబాయిగారు ఆ కొనకు పోయి గుసగుసలాడుటకు మారు పిలిచినంత పనిచేసిరి. కావున పరీక్ష సాగలేదు. తిరిగివచ్చి, "మన పెండ్లిపందిట్లో పంక్తికి నూరుమంది కూర్చుంటే వడ్డించేవాడు చివరివాడిని చేరేసరికి మొదటివాడు మజ్జిగకు వస్తాడు. ఇక్కడ ఎట్లా చేసేవారో? ఇంతకీ వంటిల్లేదీ?" అనిరి. వంటశాలలు మేడకు వెనుకనున్నవి. కెర్ దొర చెప్పినట్లే. జనానా మహలును వెనుకనే. ముందుభాగము పురుషులకు, అతిథులకు, ఇంగ్లీషువారికి, రాణివాసమునకు వెనుకభాగము. ముఖము ఐరోపాకు చూపి, వీపు పాతకాలమున కానించి నిలిచిన మేడ యిది.

ఇట్టి మేడలో దానిని కట్టినవారు ఎన్నాళ్లున్నారు? కథలోని రసమంతయు ఇచ్చటనే కలదు. 1893లో వికారుల్ ఉమ్రా హైదరాబాదు దివానాయెను. మేడయు అప్పుడే ముగిసినది. అయితే దానివలన ఆయన సంపద కరగిపోయినది. నాలుగేండ్లయిన తరువాత మహబూబు ఆలీఖాను అతిథిగా వచ్చి, కొన్నాళ్లని చెప్పి, బసను పొడిగించుచు పోయెనట. ప్రభువుకు మేడ నచ్చినదని గ్రహించి, భార్య చెప్పిన ఆలోచన ప్రకారము నవాబు దానిని నజరానాగా సమర్పించెననియు, నిజాము ఊరక తీసికొనక కొంత సొమ్మిచ్చెననియు చెప్పుదురు. ఏమైనను 1897 ప్రాంతమున అతిథి యజమాని యయ్యెను, యజమాని అతిథిగా మెట్లు దిగెను. వికారుల్ ఉమ్రా 1901లో దివాను పదవిని విడిచెను. మరుసటి యేడు గతించెను.

కొత్త యజమానియు ఇందు కాపురమున్నది తక్కువే. మేడ రాజ్యపు అతిథులకు విడిది యయ్యెను. 1906లో వేల్సు యువరాజు, తరువాత ఐదవ జార్జి చక్రవర్తి యైనవాడు, ఇందు బసచేసెను. 1911 ఆగష్టు 29వ తేదీన మహబూబు ఆలీఖాను ఈ మేడలోనే కన్నుమూసెను. ఆయన కుమారుడు ఉస్మాను ఆలీఖాను కింగుకోఠీలో నివసించుటకే ఇష్టపడెను. నూటొక్క కుర్చీల బల్ల గలవాడు తన భోజనము సాదాగా ముగించుకొనెడివాడని ప్రతీతి.

ఈ తండ్రికొడుకుల వజ్రము కథ పరిటాల ప్రాంతపువారు తప్పక వినవలసినది. 1891లో మహబూబు ఆలీఖాను సిమ్లా నగల వర్తకుడు అలెగ్జాండరు జేకబునొద్ద పెద్దవజ్రము బేరమాడెను. బేరము చెడి కలకత్తా హైకోర్టునకెక్కినది. నిజామువంటివాడు సాక్ష్యమీయవలసి వచ్చెను. ఆ చిరాకుతో ఆయనకు వజ్రమనిన విసుగు పుట్టినది కాబోలు, అది మరుగున పడిపోయెను. తండ్రి గతించిన చాల యేండ్లకు ఉస్మాను ఆలీఖానునకు అది యొక చెప్పు ముందుభాగమున దొరకెనట. ఆయన దానిని కాగితములు ఎగిరిపోకుండ బరువుగా వాడుకొనెనని ప్రసిద్ధి. తూకము 184.75 కారట్లు; ఇంచుమించు నిమ్మకాయంత. 1995లో భారతప్రభుత్వము నిజామునగలను 218 కోట్ల రూపాయలకు కొన్నప్పుడు ఇదియు అందుండెను. వింత యేమనగా ఆ వజ్రము మన నేలది కాదు, దక్షిణాఫ్రికాది. పరిటాల గనులను ఒప్పందముపై వ్రాయించి మరీ నిలుపుకొన్న వంశమువారు, గని వట్టిపోయిన పిదప వజ్రమును సముద్రముల కావలినుండి కొనితెచ్చుకొని, వ్యాజ్యమాడి, చెప్పులో దాచిరి!

1948 తరువాత రాజ్యము పోయినది. 1949లో జాగీరులు రద్దయినవి. హైదరాబాదు రాజ్యపు భూమిలో ముప్పదిపాళ్లు జాగీరులు, పదిపాళ్లు నిజాము సొంతఖాతా; ఆ నలువదిపాళ్ల పల్లెలలో వెట్టిచాకిరి చేసినవారికి ఈ రద్దు ఎట్టిదో వేరే చెప్పనక్కరలేదు. మేడలను పోషించిన ఊట అది. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు ఇందు బసచేసిరి. అటుపిమ్మట మేడకు తాళము పడినది. దుమ్ము పట్టిన కుర్చీలు దశాబ్దములు గుడ్డలక్రింద పడియుండెను. నిజాము వంశపు కోడలు ఎస్రా రాణిగారి పూనికతో జీర్ణోద్ధరణ జరిగి, 2010 నవంబరులో తాజ్ సంస్థవారు దీనిని హోటలుగా తెరచిరి. 2017లో అంతర్జాతీయ వ్యాపారవేత్తల సదస్సుకు వచ్చినవారికి ప్రధానమంత్రి విందిచ్చినది ఈ నూటొక్కరి బల్లమీదనే. విడిదియిల్లుగా వాసికెక్కిన మేడ మరల విడిదియిల్లే యయ్యెను. దీనిని కొందరు దిగజారుటగా తలంతురు. మాకట్లు తోచలేదు. ఆ మేడ కిది సహజమైన వృత్తి. పైపెచ్చు తాళము పడియుండుటకంటె, సొమ్ము చెల్లించినవాడెవడైనను లోనికి రాగలుగుట మేలే. సొమ్ము చెల్లింపజాలనివారు మాత్రము నేటికిని గుట్టక్రిందనుండియే చూతురు.

వరండాలోనికి వచ్చునప్పటికి ప్రొద్దు వ్రాలుచుండెను. క్రింద నగరము, దూరమున చార్మినారు. మాకు మేడ చూపిన యువకుడు, ఇచ్చటినుండి చూచిన దృశ్యమునకే అతిథులు మురిసిపోవుదురని చెప్పెను. బాబాయిగారికి దృశ్యముమీద ధ్యాస లేదు. గుట్టమీదికి ఇంత రాయి, ఇంత గాజు, ఈ రెండు టన్నుల వాద్యము ఎక్కించుటకు ఎన్ని బండ్లు, ఎన్ని యెడ్లు, ఎంతమంది కూలీలు పట్టియుందురని లెక్కవేయుచుండిరి. బండి లెక్కలో ఆయనకు సాటిలేరు. లెక్క తేలలేదు.

మరునాడు తిరుగుప్రయాణమున జగ్గయ్యపేటలో దిగి ధనంబోడు చేరితిమి. గుట్టపై స్తూపపు వలయము, కొన్ని పలకలు తప్ప చూచుటకేమియు లేదు. ముందటి దినము అరువది గదులు చూచిన కంటికి అది మరీ బోసిగా కనబడినది. మేము ఆయనకు ఆ గుట్టపై దొరకిన శాసనము సంగతి చెప్పితిమి. మూడవ శతాబ్దిలో ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని యిరువదవ రాజ్యసంవత్సరమున చెక్కినది, భాష ప్రాకృతము. ఒక గ్రామమున కాపురముండిన సిద్ధార్థుడు, వెలగిరిలోని మహాచైత్యపు తూర్పుద్వారమున ఐదు ఆయకస్తంభములు నిలిపెనని అందున్నది. ఈ సిద్ధార్థుడు రాజు కాడు, మంత్రి కాడు, సెట్టి కాడు. శాసనము అతనిని ఆవేసని యనుచున్నది. అనగా పనివాడు, శిల్పి. తండ్రి నాగచంద్రుడును ఆవేసనియే. స్తంభము నిలిపినవాడు తన పేరుతో ఊరుకొనలేదు. తల్లి నాగిలని పేరు, భార్య పేరు, కొడుకు మూలసిరి పేరు, కూతురు నాగబుద్ధనిక పేరు, తమ్ముని పేరు, తమ్ముని బిడ్డల పేర్లు, ఇంటిల్లిపాది పేర్లను రాతిపై చెక్కించెను. రాజు పేరు కాలము తెలుపుటకు వచ్చినది. పుణ్యము పంచుకొన్నది మాత్రము ఒక పనివాని యిల్లు.

బాబాయిగారు పలకపై చేయి ఆనించి, "తండ్రి పేరేమన్నావు?" అని యడిగిరి. నాగచంద్రుడని చెప్పితిమి. "కూతురిది?" నాగబుద్ధనిక యని చెప్పితిమి. ఆయన ఆ పేర్లను రెండుమార్లు నోట పలికి, కండువా దులిపి భుజాన వేసికొనిరి. గుట్ట దిగి రోడ్డుకు చేరునప్పటికి నందిగామ బస్సు వచ్చియున్నది.